సెగ్గడ్డకు ముందు కోత, ఆ తర్వాత సిరప్: పిల్లల చర్మం మీద పుండ్లకు యాంటీబయాటిక్ ఎప్పుడు, ఎంత

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతా తల్లిదండ్రులకూ విషయం తెలుస్తుంది. బాబుకు నాలుగేళ్లు, బరువు 14 కిలోలు. మూడు వారాల కింద ముక్కు కింద చిన్న పుండు లేచింది. రసి కారి, తేనె రంగులో పక్కు కట్టింది. ఇంట్లో మిగిలిపోయిన అజిత్రోమైసిన్ సిరప్ మూడు రోజులు వేశారు. తగ్గినట్టే తగ్గి గడ్డం మీద మళ్లీ వచ్చింది. ఇప్పుడు తొడ మీద మూడు సెంటీమీటర్ల సెగ్గడ్డ. ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. డాక్టరు కోసి చీము తీయాలన్నారు, సెఫలెక్సిన్ రాశారు. కోత లేకుండా ఇంకా పవర్‌ఫుల్ మందుతో తగ్గించలేమా, ఇవి ఎందుకు మళ్లీ మళ్లీ వస్తున్నాయి అని మీరు అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా పిల్లల డాక్టరుగా పని చేస్తున్నాను. గడ్డలో చీము పట్టి ఉంటే కోయించండి. ఎదురుచూడొద్దు. మీ డాక్టరు చెప్పింది సరైన మాట.

కారణం ఇది. నోటి ద్వారా వేసినా, సూదిలో ఇచ్చినా యాంటీబయాటిక్ చివరికి రక్తంలో కలిసే పుండు దగ్గరికి చేరాలి. సెగ్గడ్డ విషయంలో ఒళ్లే దాని చుట్టూ గోడ కడుతుంది, ఇన్‌ఫెక్షన్ పాకకుండా. ఆ గోడ లోపల ఉన్నదంతా చచ్చిన తెల్ల రక్తకణాలు, కరిగిన కండ, కోట్ల కొద్దీ బ్యాక్టీరియా. రక్తనాళాలు ఉండవు కాబట్టి మందు చాలినంత చేరదు. చేరినా ఆ పులిసిన వాతావరణంలో బ్యాక్టీరియా పెరగడం మానేసి నిద్రాణంగా పడి ఉంటుంది. చాలా యాంటీబయాటిక్‌లు పెరిగే బ్యాక్టీరియా మీదే బాగా పని చేస్తాయి. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌ది ఇంకో కథ. బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన థైమిడిన్ అనే పదార్థం తయారు కాకుండా అది అడ్డుకుంటుంది. చీములో చచ్చిన కణాల నుంచి వచ్చిన థైమిడిన్ కావలసినంత దొరుకుతుంది. బ్యాక్టీరియా దాన్నే వాడుకుని బతికేస్తుంది. అంటే మందు ఎంత మంచిదైనా చీము ఉన్నంతసేపు చేతులు కట్టేసినట్టే.

డాక్టరునైన కొత్తలో నేను ఈ తప్పు చేశాను. రెండేళ్ల పాప, పిరుదు మీద గడ్డ. కోత అనగానే తల్లి ఏడ్చేసింది, నేనూ మెత్తబడ్డాను. ఒక మందు ఇచ్చాను, మూడు రోజుల తర్వాత మార్చి ఇంకోటి ఇచ్చాను. ఆరో రోజుకి పాపకు జ్వరం, గడ్డ రెండింతలు. మొదటి రోజే చేసి ఉంటే అది చర్మానికి మత్తు ఇచ్చి పది నిమిషాల్లో అయిపోయేది. ఆరో రోజున ఆపరేషన్ థియేటర్‌లో పూర్తి మత్తు ఇచ్చి చేయాల్సి వచ్చింది. ఆ పాప ఇబ్బందికి కారణం గడ్డ కాదు, నా మొహమాటం. అప్పటి నుంచి చీము ఉందని తేలితే వాయిదా వేయను.

చీము ఉందో లేదో ఎలా తెలుస్తుందంటే, గడ్డను రెండు వేళ్లతో మెల్లగా తాకినప్పుడు మధ్యలో నీళ్ల సంచిలా కదలాడుతుంది. పైన చర్మం పల్చబడి పసుపుగానో తెల్లగానో మెరుస్తుంది. అనుమానంగా ఉంటే అల్ట్రాసౌండ్‌లో నిమిషంలో తేలిపోతుంది. గట్టిగా ఉండి ఇంకా పండని చిన్న గడ్డ అయితే రోజుకు మూడు నాలుగుసార్లు గోరువెచ్చటి తడిగుడ్డతో కాపడం పెట్టండి. చాలాసార్లు దానంతటదే చితికి ఖాళీ అవుతుంది. ఇంట్లో మాత్రం పిసకొద్దు, సూదితో గుచ్చొద్దు. ముక్కు మీద, పై పెదవి మీద ఉన్నవాటిని అసలు తాకొద్దు. అక్కడి రక్తనాళాలకు తల లోపలి రక్తనాళాలతో సంబంధం ఉంది.

ఇక చీము తీశాక యాంటీబయాటిక్ కావాలా? దీని మీద నాకు ఇష్టమైన పరిశోధనలు రెండున్నాయి, అవి కొంచెం ఎదురెదురుగా కనిపిస్తాయి. 2011లో వచ్చినదాంట్లో చర్మ ఇన్‌ఫెక్షన్ ఉన్న 200 మంది పిల్లలను తీసుకుని కొందరికి సెఫలెక్సిన్, కొందరికి క్లిండామైసిన్ ఇచ్చారు. వాళ్లలో 69 శాతం మందిలో దొరికింది ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే సెఫలెక్సిన్‌కు లొంగని మొండి స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా. లెక్క ప్రకారం సెఫలెక్సిన్ తీసుకున్న పిల్లలు బాగుపడకూడదు. కానీ రెండు మూడు రోజులకే వాళ్లలో 94 శాతం మంది మెరుగయ్యారు. క్లిండామైసిన్ పిల్లల్లో అది 97 శాతం. తేడా లేనట్టే. ఎందుకంటే దాదాపు అందరికీ చీము బయటికి పోయింది, పుండును శుభ్రంగా చూసుకున్నారు.

2017లో వచ్చినది ఇంకా పెద్దది. పిల్లలూ పెద్దలూ కలిపి 786 మంది, అయిదు సెంటీమీటర్ల లోపు గడ్డలు, అందరికీ చీము తీశారు. తర్వాత కొందరికి క్లిండామైసిన్, కొందరికి కో-ట్రైమాక్సజోల్, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర. మందు తీసుకున్న రెండు గుంపుల్లో నయమైనవాళ్లు 82, 83 శాతం దగ్గర ఉన్నారు. ఉత్త మాత్ర గుంపులో 69 శాతం. అంటే పనిలో పెద్ద భాగం కోతే చేసింది, మందు దానికి ఇంకొంత తోడైంది. నా పద్ధతి కూడా దీన్నిబట్టే ఉంటుంది. చిన్న గడ్డ, జ్వరం లేదు, చుట్టూ ఎరుపు పాకలేదు, బిడ్డ హుషారుగా ఉన్నాడంటే చీము తీసి మందు లేకుండానే రెండు రోజులు చూడవచ్చు. చుట్టూ ఎరుపు ఉంటే, గడ్డలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే, మరీ చిన్నబిడ్డ అయితే, లేదా మీ బాబులా మళ్లీ మళ్లీ వస్తుంటే మందు కలుపుతాను.

కోసినప్పుడు ఆ చీమును కాస్త కల్చర్ పరీక్షకు పంపమని అడగండి. ఇది మర్చిపోవద్దు. ఏ బ్యాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది అన్నది రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. ఎంఆర్‌ఎస్‌ఏ అని వచ్చి, పుండు ఇంకా బాగుపడకపోతే అప్పుడు సెఫలెక్సిన్ ఆపి కో-ట్రైమాక్సజోల్‌కో క్లిండామైసిన్‌కో మారుస్తారు. రిపోర్టులో మందు లొంగదని ఉన్నా బిడ్డ చక్కగా కోలుకుంటుంటే మార్చాల్సిన అవసరం ఉండకపోవచ్చు. చికిత్స రిపోర్టుకు కాదు, బిడ్డకు.

ముక్కు కింద వచ్చిన తేనె రంగు పక్కు సంగతికి వద్దాం. దాన్ని ఇంపెటిగో అంటారు. రెండు నుంచి అయిదేళ్ల పిల్లల్లో ఎక్కువ. స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ (క్లుప్తంగా స్టాఫ్, స్ట్రెప్) అనే రెండు బ్యాక్టీరియాలు, విడిగానో కలిసో దీనికి కారణం. ఒకటి రెండు చోట్లే ఉంటే నోటి మందు అసలు అక్కర్లేదు, మ్యుపిరోసిన్ 2 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు రెండు మూడుసార్లు, అయిదు రోజులు రాస్తే చాలు. చాలామంది దగ్గర ఇది పని చేయకపోవడానికి కారణం నేను రోజూ చూస్తుంటాను. పక్కు మీదే రాస్తారు. మందు ఆ ఎండిన పొర మీద ఆగిపోతుంది, బ్యాక్టీరియా దాని కింద హాయిగా ఉంటుంది. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి అయిదు పది నిమిషాలు పుండు మీద పరచండి. పక్కు మెత్తబడి గుడ్డతో పాటు ఊడి వస్తుంది. ఊడనిదాన్ని గోటితో లాగొద్దు. కింద ఎర్రగా తడిగా కనబడే చర్మం మీద పల్చగా రాయండి. ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ గుడ్డ ఇంకెవరూ వాడకూడదు.

పుండ్లు అయిదారు చోట్లకు మించి ఉన్నా, నీటి బొబ్బల్లా లేచి చిట్లుతున్నా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చినా నోటి మందు కావాలి, ఏడు రోజులు. అందులో సెఫలెక్సిన్ మంచి ఎంపిక. అమాక్సిసిలిన్ ఒక్కటే అయితే పనికిరాదు. స్టాఫిలోకాకస్‌లలో చాలా భాగం పెన్సిలిన్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైమ్ తయారు చేసుకుంటాయి. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గమనించింది స్టాఫిలోకాకస్ పెంచిన పళ్లెంలోనే, అలాంటిది 1940లలోనే ఆ బ్యాక్టీరియా పెన్సిలిన్‌ను ఎదిరించడం నేర్చుకుంది. దానికి విరుగుడుగా తెచ్చిన మెథిసిలిన్‌కు కూడా 1961 నాటికే లొంగని రకం బయటపడింది, ఎంఆర్‌ఎస్‌ఏ అన్న పేరు అక్కడిదే. క్లావులనిక్ యాసిడ్ కలిపిన అమాక్సిసిలిన్ మామూలు స్టాఫ్ మీద పని చేస్తుంది, ఎంఆర్‌ఎస్‌ఏ మీద చేయదు.

మీరు మొదట వేసిన అజిత్రోమైసిన్ గురించి చెప్పాలి, మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. మూడు రోజుల కోర్సు, రోజుకు ఒక్కసారి, పిల్లలు మారాం చేయకుండా తాగుతారు. అందుకే అందరూ దాన్నే పట్టుకుంటారు. కానీ చర్మం మీది స్టాఫ్, స్ట్రెప్ రెండూ చాలా చోట్ల దానికి అలవాటు పడిపోయాయి. పైగా అది ఒంట్లోంచి పోవడానికి చాలా రోజులు పడుతుంది. చంపడానికి చాలని మోతాదులో రోజుల తరబడి మిగిలి ఉంటుంది కాబట్టి మొండి బ్యాక్టీరియా తయారవడానికి వీలు దొరుకుతుంది. తెరిచిన సిరప్ దాచిపెట్టి మళ్లీ వాడటం ఇంకో తప్పు. నీళ్లు కలిపిన పొడి సిరప్ ఏడు నుంచి పద్నాలుగు రోజులకు మించి బలం నిలుపుకోదు. ఎన్ని రోజులన్నది, ఫ్రిజ్‌లో పెట్టాలా అన్నది సీసా మీదే ఉంటుంది.

ఇప్పుడు డోసు. మందు పని చేయలేదని నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామందికి అసలు సమస్య ఇదే. పిల్లల డోసు వయసుతో కాదు, బరువుతో లెక్క. సెఫలెక్సిన్ ఇలాంటి ఇన్‌ఫెక్షన్లకు మామూలుగా రోజుకు కిలోకు 25 నుంచి 50 మి.గ్రా. చొప్పున, మూడు నాలుగు డోసులుగా ఇస్తారు. మీ బాబు బరువుకు అది రోజంతటికీ 350 నుంచి 700 మి.గ్రా. అవుతుంది. డాక్టరు "250 సిరప్, 4 మి.లీ., రోజుకు మూడుసార్లు" అని రాశారనుకోండి, అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్, అప్పుడు పూటకు 200, రోజుకు 600 మి.గ్రా. సరిగ్గా సరిపోతుంది. దుకాణంలో 250ది లేక 125ది ఇచ్చారనుకోండి, మీరు అదే 4 మి.లీ. పోస్తే బిడ్డకు చేరేది సగం. రెండు సీసాలూ ఒకే రంగు, ఒకే వాసన. ఇలాంటి కేసే ఒకటి చూశాను. నాలుగో రోజు తల్లి సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఒక్క పూట కూడా మానలేదు డాక్టర్ గారూ" అంది. నిజంగానే మానలేదు. సీసా తిప్పి చూస్తే 125. మందు మార్చలేదు, కొలత మార్చాను, రెండు రోజుల్లో ఎరుపు విరిగింది. అందుకే సీసా మీద "5 మి.లీ.లో ఎన్ని మి.గ్రా." అన్నది చీటీతో సరిచూసుకోండి. వంటింటి స్పూన్లు వద్దు, గీతలున్న సిరంజితో కొలవండి. ప్రతిసారీ సీసా బాగా కుదపండి, లేకపోతే మందంతా అడుగున ఉండిపోయి మొదటి పూటలు పల్చగా, చివరి పూటలు చిక్కగా వెళ్తాయి.

చర్మం కింద ఇన్‌ఫెక్షన్ పాకుతుంటే, అంటే ఎర్రగా, వేడిగా, వాచి, హద్దు సరిగ్గా తెలియకుండా ఉంటే దాన్ని సెల్యులైటిస్ అంటారు. అక్కడ కోయడానికి చీము ఉండదు, యాంటీబయాటిక్ ఒక్కటే ఆధారం. ఆ ఎరుపు అంచున బాల్ పెన్నుతో గీత గీసి, పక్కనే టైమ్ రాయండి. మొదటి రోజు ఎరుపు గీత దాటి కొంచెం పాకినా కంగారు పడక్కర్లేదు, మందు మొదలయ్యాక కూడా అలా జరుగుతుంది. 48 గంటలకు జ్వరం దిగాలి, నొప్పి తగ్గాలి, ఎరుపు గీత లోపలికి రావడం మొదలవ్వాలి. అలా వస్తుంటే మామూలు కేసుల్లో అయిదు రోజుల మందు చాలు. రాకపోతే అదే మందు ఇంకో వారం పొడిగించడం కాదు, లోపల చీము దాక్కుందా, మందు తప్పా, కొలత తప్పా అని మళ్లీ చూడాలి.

ఈ కింద చెప్పేవి కనబడితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. నెలలోపు పసిబిడ్డకు చీము పొక్కులు. జ్వరంతో మత్తుగా పడి ఉండటం, పాలు తాగకపోవడం. కనురెప్ప వాచి కన్ను ముందుకు రావడం, కన్ను కదిపితే నొప్పి. పైకి కనబడే పుండు చిన్నదే అయినా బిడ్డ భరించలేనంత నొప్పి, లేదా చర్మం నల్లగా, ఊదాగా మారడం. ఇది కండ పై పొరల్లో వేగంగా పాకే ఇన్‌ఫెక్షన్ కావచ్చు, అందులో గంటలు కూడా ముఖ్యమే. ఇంకొకటి, ఒళ్లంతా ఎర్రబడి, ఎత్తుకోబోతే ఏడ్చి, చర్మం మెల్లగా రుద్దితేనే తడి కాగితంలా ఊడిపోవడం. స్టాఫ్ వదిలే విషం వల్ల అయిదేళ్లలోపు పిల్లల్లో ఇది వస్తుంది. దీనికి ఆసుపత్రిలో నరం ద్వారా మందు ఇవ్వాలి.

మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది అన్నారు. ముందు ఇంట్లో ఎవరికైనా రాత్రిపూట దురద ఉందా చూడండి. బాబు వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ చిన్న గుల్లలున్నాయా? గజ్జి ఉంటే గోకిన ప్రతి గీత ఒక తలుపే, ఎన్ని యాంటీబయాటిక్‌లు వేసినా పుండ్లు ఆగవు. ఫిజీ దీవుల్లో ఊళ్లకు ఊళ్లకు గజ్జి మందు ఐవర్‌మెక్టిన్ ఇచ్చి చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. గజ్జి 94 శాతం తగ్గింది. చర్మపు పుండ్లకు వాళ్లు ఏ యాంటీబయాటిక్ పంచలేదు, అయినా ఇంపెటిగో 67 శాతం పడిపోయింది. గజ్జి ఉంటే ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు రాసుకోవాలి. ఎగ్జిమా ఉన్నా అంతే, దానికి సరైన వైద్యం చేస్తేనే పుండ్లు ఆగుతాయి.

అవేమీ లేకపోతే బ్యాక్టీరియా ఇంట్లోనే ఎవరి ముక్కులోనో కాపురం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా మూడో వంతు మంది ముక్కులో స్టాఫ్ ఉంటుంది, వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. బాబు ముక్కులో వేలు పెట్టుకుంటాడు, అదే వేలితో దోమ కుట్టిన చోట గోకుతాడు. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. తువ్వాలు ఎవరిది వాళ్లకే ఉండాలి. చేతులు సబ్బుతో కడగడం చిన్న సలహాలా అనిపిస్తుంది కానీ, కరాచీలో జరిగిన పరిశోధనలో, 2005లో ప్రచురించారు, సబ్బు ఇచ్చి చేతులు కడగడం అలవాటు చేసిన ఇళ్లలో పిల్లల్లో ఇంపెటిగో 34 శాతం తగ్గింది. ఇవన్నీ చేసినా గడ్డలు ఆగకపోతే ముక్కు లోపల మ్యుపిరోసిన్ రోజుకు రెండుసార్లు అయిదు రోజులు, ఇంట్లో అందరికీ కలిపి చేయిస్తాం. అది డాక్టరు చెప్పినప్పుడే చేయండి. ఊరికే నెలల తరబడి రాస్తే ఆ మందుకూ బ్యాక్టీరియా లొంగకుండా పోతుంది.

స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు వస్తాయి. దయచేసి వాటి జోలికి పోవద్దు. రెండు రోజులు ఎరుపు మాయమవుతుంది, ఎందుకంటే స్టెరాయిడ్ ఒంటి పోరాటాన్ని ఆపేస్తుంది. కింద ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది.

సెఫలెక్సిన్‌తో కొంచెం విరేచనాలు అవడం మామూలే, దానికి మందు ఆపక్కర్లేదు. ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే ఆపి వెంటనే చూపించండి. తర్వాత కో-ట్రైమాక్సజోల్‌కు మారిస్తే నోట్లో పుండ్లు, ఒంటి మీద బొబ్బలు వచ్చినా ఆపేయాలి. పక్కు రాలిపోయింది కదా అని మూడో రోజు మానేయొద్దు. చెప్పిన రోజులు పూర్తి చేయండి, చెప్పనన్ని రోజులు పొడిగించొద్దు. గడ్డం మీది పుండు ఉన్నందుకు బడికి మందు మొదలైన 24 గంటల తర్వాత, పుండు కప్పి పంపవచ్చు. బడివాళ్లు 48 గంటలు అంటే వాళ్ల మాటే పాటించండి.

కోత అయ్యాక మొదటి రోజు కట్టు తడవకుండా ఉంచండి. మర్నాటి నుంచి రోజూ స్నానంలో సబ్బు నీళ్లతో కడిగి కొత్త కట్టు వేయండి. ఇంత చిన్న గడ్డకు లోపల గుడ్డ కూరడం సాధారణంగా అక్కర్లేదు, అది తీసేటప్పుడే పిల్లలు ఎక్కువ ఏడుస్తారు, కాబట్టి ముందే అడిగి చూడండి. రెండో రోజు రాత్రికి మీవాడు నొప్పి లేకుండా నిద్రపోతాడు.

ఇంకో సంగతి, కేలెండర్‌లో రాసుకోండి. స్ట్రెప్ వల్ల వచ్చిన చర్మపు పుండు తర్వాత సుమారు మూడు వారాలకు కొద్దిమంది పిల్లల్లో కిడ్నీలు వాస్తాయి. యాంటీబయాటిక్ వాడినా అది రాదన్న భరోసా లేదు. మీ బాబుకు మొదటి పుండు వచ్చి ఇప్పటికే మూడు వారాలు. అందుకే ఈ నెలంతా పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు ఉందా, మూత్రం ముదురు గోధుమ రంగులోనో ఎర్రగానో వస్తోందా గమనించండి. కనబడితే ఆ రోజే మూత్ర పరీక్ష చేయించి, బీపీ చూపించండి.